ప్రేమతో చెప్పిన సత్యం

మా నూజివీడు తోటల్లో అనుభవమున్న రైతు కాయ కోయడానికి తొందరపడడు. ముదరని కాయకు కార్బైడ్ పెడితే రంగు వస్తుంది గానీ రుచి రాదు. ముదిరిన కాయను వరిగడ్డిలో మాగబెడితేనే రసం తీపెక్కుతుంది. మాట కూడా అంతే. మనసులో పండని మాట ఎంత బిగ్గరగా చెప్పినా ఎదుటివారి హృదయంలోకి దిగదు. ఈ సంగతి తలచినప్పుడల్లా మాకు బిషప్ అజరయ్య గారు జ్ఞాపకం వస్తారు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో ఒక పాదిరిగారి ఇంట జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. భారతీయులకు సువార్త చెప్పవలసింది భారతీయులేనన్న భారంతో 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడడానికి ముఖ్య కారకులయ్యారు. 1909లో తానే మిషనరీగా నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగువారి మధ్య సేవ ప్రారంభించారు.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియా వాసులు ఇరవై మందికి లోపే. విదేశీ మిషనరీలకు, స్వదేశ సేవకులకు మధ్య సహకారం గురించి ముప్ఫై అయిదేళ్ల అజరయ్య గారు ప్రసంగించారు. ఎదుట కూర్చున్నవారు సువార్తను మన దేశానికి తెచ్చినవారు. నాలుగు పొగడ్తలతో ముగించినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఆయన ఆ దారి పట్టలేదు. ఏళ్ల తరబడి తాను కళ్లారా చూసినదాన్నే ఆధారం చేసుకున్నారు. ఒకే ప్రభువును సేవించేవారి మధ్య యజమాని, జీతగాడు అన్న దూరం ఉందని, చేయి కలపడం, కలిసి భోంచేయడం కూడా అరుదైపోయిందని చెప్పారు. అందరినీ ఒకే గాటన కట్టలేదు, మంచివారున్నారని ఒప్పుకున్నారు. బాధ్యతను స్వదేశీయులకు అప్పగించాలని కోరారు. చివరికి మిషనరీల త్యాగాన్ని కృతజ్ఞతతో స్మరించి, మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయాన్ని వారి ముందుంచారు. ఆస్తినీ ప్రాణాన్నీ ఇచ్చినవారిని ఇంకొక్కటే అడిగారు. అది స్నేహం.

సభలో కలకలం రేగింది. కొందరు నొచ్చుకున్నారు. అయినా ఆ మహాసభలోని ప్రసంగాల్లో ఎక్కువగా గుర్తుండిపోయింది అదే. నాతాను ప్రవక్త దావీదును నిందించడానికి కాదు, తిరిగి నిలబెట్టడానికే వెళ్లాడు. అజరయ్య గారి మాటలోనూ అదే ప్రేమ ఉంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందారు. తరువాతి కాలంలో మన కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా ఆయన పాలనలోకి వచ్చాయి. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తమ తలపై చెయ్యి పెట్టించి, సువార్త చెప్పడం తమ బాధ్యతేనని పలికించేవారు. చదువురాని కూలివాడు కూడా మాట్లాడగలడని ఆయన నమ్మకం. సంఘంలో కులభేదాలు పోవాలని చివరిదాకా ప్రయాసపడి, 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు.

ఆనాడు ఆ వేలు తెల్లవారి వైపు చూపింది. ఈనాడు మన వైపే చూపుతోంది. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచే మనం, ఒకరి ఇంట ఒకరం అన్నం తింటున్నామా? పెళ్లి సంబంధాల దగ్గర కులం అడగకుండా ఉంటున్నామా? ప్రసంగించే కాపరులమైన మేము, ఆదివారం కానుక ఎక్కువ వేసే పెద్దల ముందు ఈ మాట ఎత్తగలుగుతున్నామా? సత్యం చెప్పి ప్రేమను మరచినా, ప్రేమ పేరుతో సత్యాన్ని దాచినా అది కార్బైడ్ పండే. ప్రార్థనలో మాగిన మాటను ప్రభువు మన నోట ఉంచును గాక.