తల్లి తట్టిన న్యాయస్థానం తలుపు: డొమినిక్ డిసౌజా

హెచ్.ఐ.వి. అన్న మాట వింటేనే ఊళ్లు వణికిన రోజులలో, ఆ రోగంతోపాటు దాని వెంట వచ్చిన వెలిని కూడా ఎదిరించి నిలిచిన గోవా యువకుడు డొమినిక్ డిసౌజా. ఆయన స్వగ్రామం ఉత్తర గోవాలోని పర్రా. ప్రకృతి పరిరక్షణ సంస్థలో ఉద్యోగం, నాటకాలపై మక్కువ, తరచుగా రక్తదానం చేసే అలవాటు. ఆ మంచి అలవాటే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

దానమిచ్చిన రక్తంలో హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది. ఆ సంగతి ఆయనకు ముందుగా తెలియజేయలేదు. 1989 ఫిబ్రవరి 14న పోలీసులు వచ్చి తీసుకువెళ్లారు. వాడుకలో లేని క్షయ చికిత్సాలయంలో, కాపలా నడుమ, 64 రోజులు ఒంటరిగా ఉంచారు. హెచ్.ఐ.వి. ఉన్నవారిని వేరుచేసి ఉంచాలని నాటి గోవా ప్రజారోగ్య చట్టం చెప్పేది.

తల్లి లూసీ డిసౌజా బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు. న్యాయవాది ఆనంద్ గ్రోవర్ వాదించారు. నాటకరంగ మిత్రులు అండగా నిలిచారు. డొమినిక్ ఇల్లు చేరారు గాని, ఉద్యోగం పోయింది. ఆ ఏడాది డిసెంబరులో వెలువడిన తీర్పు సైతం చట్టాన్నే సమర్థించింది.

డొమినిక్ స్వలింగ ప్రేమికుడు. నాడు 377వ సెక్షన్ దానిని నేరంగా పరిగణించేది గనుక ఆ మాట బాహాటంగా చెప్పుకొనే వీలు లేదు. అయినా ఆయన కుంగిపోలేదు. రోగులకు ఓదార్పు, ప్రజలకు అవగాహన కల్పించడానికి 1992లో పాజిటివ్ పీపుల్ సంస్థను స్థాపించారు. సమర్థమైన మందులు రాకమునుపే, అదే ఏడాది మే నెలలో కన్నుమూశారు. ఆయన జీవితమే ఆధారంగా 2005లో మై బ్రదర్ నిఖిల్ చలనచిత్రం వెలువడింది.

ఆయన కోరిన మార్పులు ఆలస్యంగానైనా వచ్చాయి. 2004లో ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం ప్రారంభించింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమ నేరం కాదని తీర్పునిచ్చింది. అదే నెల 10న అమలులోకి వచ్చిన చట్టం, సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదనీ, ఫలితం గోప్యంగా ఉంచాలనీ, వివక్ష తగదనీ శాసించింది.

డొమినిక్ జీవించి ఉంటే నేడు అరవై దాటి ఉండేవారు. ఆ తరం స్వలింగ ప్రేమికులు ఎందరో నేటికీ వైద్యుని ఎదుట నోరు విప్పరు. వయసు మళ్లినవారిని వైద్యులూ అడగరు. నీరసం, బరువు తగ్గడం వృద్ధాప్యం ఖాతాలో పడిపోతాయి, రోగం ముదురుతుంది. కండోమ్ వాడకానికీ, పరీక్షకూ వయోపరిమితి లేదు. క్రమం తప్పక మందులు వాడి, రక్తపరీక్షలో వైరస్ కనిపించని స్థితికి చేరి, ఆ స్థితిలోనే కొనసాగేవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదు.

బంధించడం వల్ల రోగం ఆగదు, ఆదరిస్తేనే రోగి ఆసుపత్రి గడప తొక్కుతాడు. ఇంట్లో పెద్దాయన ఎవరైనా తన మనసులోని మాట చెప్పుకోదలచినప్పుడు, ముఖం తిప్పుకోక వినడమే డొమినిక్‌కు నిజమైన నివాళి.