కోటు గుండీలతో ఎత్తు కొలిచిన మాస్టారు

బదిలీ కాగితం రాగానే మనం ముందు భద్రంగా సర్దుకునేది బడి గ్రూపు ఫోటోనే. మా ఆరో తరగతి ఫోటోలో ఉన్నవాళ్ళలో సగంమంది ఇప్పుడు భిలాయిలో లేరు. ఒకరు విశాఖ, ఒకరు బొకారో. అయినా ఫోటో కింద వరుసగా పేర్లున్నాయి కనుక ఎవరినీ మరిచిపోలేదు. మేము చెప్పబోయే లూయిస్ హైన్ కూడా పిల్లల ఫోటో తీస్తే, వీలైనంతవరకు పేరు రాసుకోకుండా కదిలేవారు కాదు.

ఆయన 1874లో అమెరికాలోని ఆష్‌కోష్‌లో పుట్టారు. తండ్రి చనిపోయాక ఇల్లు గడవడానికి ఫ్యాక్టరీలో పనిచేశారు. తర్వాత న్యూయార్క్‌లో బడి మాస్టారయ్యారు. కెమెరా పట్టుకున్నది కూడా బడి కోసమే, ప్రిన్సిపాల్ ప్రోత్సాహంతో. మన భిలాయిలాగే ఉక్కుకు పేరుపడిన పిట్స్‌బర్గ్‌లో కార్మికుల ఫోటోలు తీశారు. 1908లో జాతీయ బాలకార్మిక సంఘంలో చేరి, బడి ఉద్యోగం వదిలేశారు.

మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల్ని ఫోటో తీయడం ఆయన పని. యజమానులు గేటు దగ్గరే ఆపేసేవారు. అందుకని ఒకచోట బైబిళ్ళు అమ్ముకునేవాడినని, ఇంకోచోట యంత్రాల ఫోటోల కోసం వచ్చానని చెప్పి లోపలికి వెళ్ళేవారు. (అబద్ధం చెప్పవచ్చా అని మాలో మేము చాలాసేపు వాదించుకున్నాం. ఇంకా తేలలేదు.) తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకునేవారు. పక్కన నిలబడ్డ పిల్లవాడి తల ఏ గుండీ దాకా వచ్చిందో చూస్తే ఎత్తు తెలిసిపోయేది. చెయ్యి జేబులోనే ఉంచి, కాగితం వైపు చూడకుండా పేరు, వయసు రాసుకునేవారు.

అంతకు చాలా ముందు, 1876-78లో, మన రాయలసీమను కూడా అల్లాడించిన కరువులో హూపర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఎముకల గూళ్ళలా మారిన పిల్లల్ని, పెద్దల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. అవి ఈనాటికీ పుస్తకాల్లో కనిపిస్తాయి. ఆ పిల్లల పేర్లు మాత్రం కనిపించవు. చూసినప్పుడు జాలి వేస్తుంది కానీ, వాళ్ళు ఎవరి పిల్లలో అడగడానికి దారి లేదు.

హైన్ 1910లో నార్త్ పౌనల్ అనే ఊరి నూలు మిల్లులో ఒక అమ్మాయి ఫోటో తీశారు. చెప్పుల్లేని కాళ్ళతో, యంత్రానికి చెయ్యి ఆనించి నిలబడి ఉంటుంది. పేరు ఆడీ కార్డ్. తనకు పన్నెండేళ్ళంది. తోటి అమ్మాయిలు పదేళ్ళే అన్నారు. బడి సెలవుల్లో పనికి వచ్చి, ఇక ఇక్కడే ఉండిపోతానని చెప్పిందట. హైన్ ఇదంతా రాసి పెట్టారు.

ఇలాంటి ఫోటోలు ఊరూరా ప్రదర్శించాక 1916లో చట్టం వచ్చింది. రెండేళ్ళకే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నిలబడిన చట్టం 1938లో గాని రాలేదు. అప్పటికి హైన్‌కు పని ఇచ్చేవారే కరువయ్యారు. 1940లో పేదరికంలోనే కన్నుమూశారు.

1998లో అమెరికా తపాలా శాఖ ఆడీ ఫోటోతో స్టాంపు వేసింది. అప్పటికి ఆమె బతికి లేదు. మధ్యలో ఎప్పుడో ఆమె ఇంటిపేరు లెయిర్డ్ అని తప్పుగా ప్రచారంలోకి వచ్చింది. కార్డ్ అన్న అసలు పేరుతో వెతికినవారికి చివరకు ఆమె కుటుంబం దొరికింది.