ఈసీ టీవీ వెనకాయన

పెనుకొండ నుంచి ప్యాసింజర్ బండిలో హిందూపురం వచ్చే మన ఫిజిక్స్ సారు గుర్తున్నారా? ఊళ్లోకి ఈసీ టీవీలు వస్తున్న రోజుల్లో, ఆ కంపెనీ పెట్టినాయనే అణు రియాక్టర్‌కూ పరికరాలు చేశారని చెప్పారు. వెనక బెంచీలో నవ్వినవాళ్లలో నేనొకణ్ణి.

ఆయన అయ్యగారి సాంబశివరావు. అందరికీ ఎ.ఎస్.రావు. 1914లో భీమవరం దగ్గర మోగల్లులో పుట్టారు. కాశీ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. టాటా స్కాలర్‌షిప్ మీద స్టాన్‌ఫర్డ్ వెళ్లి, తిరిగొచ్చి హోమీ భాభా దగ్గర చేరారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలెట్టింది. ఇంధనం బ్రిటన్‌ది. దాన్ని అదుపులో పెట్టే ఎలక్ట్రానిక్ వ్యవస్థ మాత్రం రావుగారి బృందం ఇక్కడే చేసుకున్నది. విడిభాగాలే సరిగా దొరకని కాలమది! 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైతే దాన్ని నడిపిందీ ఆయనే. అక్కడినుంచే టీడీసీ కంప్యూటర్లు, మన ఊరి టీవీలు వచ్చాయి. 1972లో పద్మభూషణ్ ఇచ్చారు. 2003లో పోయారు.

నేను చివరికి పడ్డది ఆ రియాక్టర్ల పనిలోనే, గొట్టాల దగ్గర. కంప్యూటర్లో గొట్టాన్ని ముక్కలుగా గీసి, వేడికీ భూకంపానికీ ఎక్కడెంత ఒత్తిడి పడుతుందో లెక్క తీయడం. పది మీటర్ల ఉక్కు గొట్టం 30 డిగ్రీల నుంచి 300కు వేడెక్కితే మూడు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది, దాన్ని వదలాలి. భూమి ఊగితే గట్టిగా పట్టుకోవాలి. 1993లో కిల్లారి భూకంపం చూసి భయపడి, ఒక లైనుకు నేను ఎడాపెడా సపోర్టులు పెట్టేశాను. ఊగడం తగ్గింది గానీ, మూల వంపు దగ్గర వేడి ఒత్తిడి హద్దు దాటింది. పై ఇంజనీరు కాగితాలు వెనక్కి పంపారు. మెల్లగా సాగితే వదిలి, కుదుపొస్తే బిగుసుకునే స్నబ్బర్లు పెట్టాక గానీ లెక్క కుదరలేదు.

ఆ ప్లాంటు కంట్రోల్ రూములో ఒక ప్యానెల్ మీద ఈసీఐఎల్ పేరు చూశాను. సారు గుర్తొచ్చారు. సెలవు పెట్టి వెళ్తే, రిటైరై ధర్మవరంలో కొడుకింట్లో ఉన్నారు. చెప్పిందంతా విని, ఆ రోజు నవ్వినవాళ్లలో నువ్వున్నావా అని అడిగారు. ఉన్నానన్నాను. కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.