ప్రచండ్‌కు పదిహేనేళ్ళు: బొబ్బిలి దీవెన

రేపు ఉగాది. ఇంటింటా వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం సిద్ధమవుతున్న ఈ 2025 మార్చి 29న బొబ్బిలి నుంచి బెంగళూరుకు ఒక పుట్టినరోజు దీవెన పంపుతున్నాం. సరిగ్గా పదిహేనేళ్ళ కిందట, 2010లో ఇదే రోజున, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి తేలికపాటి యుద్ధ హెలికాప్టర్ మొదటిసారి నేల విడిచింది. ఉన్ని పిళ్లై, హరి నాయర్ నడిపిన ఆ మొదటి ప్రయాణం ఇరవై నిమిషాలే. ఆనాటి ఆ పసికందే నేటి ప్రచండ్. నిన్ననే రక్షణ శాఖ 62,700 కోట్ల రూపాయలతో మరో 156 ప్రచండ్‌లకు ఒప్పందం చేసుకుంది. మాకు పండగ రెండు రోజుల ముందే వచ్చేసింది.

ఈ సంబరం బొబ్బిలికెందుకంటే, తగిన ఆయుధం లేని ధైర్యం ఎంత దుఃఖం మిగులుస్తుందో మా ఊరికి తెలుసు. 1757 జనవరి 24న, బొబ్బిలి యుద్ధం నాడు, మా కోటలో పౌరుషానికి కొదవ లేదు. ఉన్నది మట్టిగోడ, ఎదుట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. ఆనాటి వీరుడు తాండ్ర పాపారాయుడి కథ వింటూ పిడికిళ్ళు బిగించి పెరిగినవాళ్ళం మేం. కథ ముగిశాక పెద్దవాళ్ళు కళ్ళెందుకు తుడుచుకునేవారో తర్వాత్తర్వాత అర్థమైంది.

1999లో కార్గిల్ ఆ బాధనే మళ్ళీ తట్టిలేపింది. శత్రువు శిఖరం మీద, మన జవాను కింద. మన దాడి హెలికాప్టర్లు ఆ ఎత్తుకు చేరి పోరాడలేకపోయాయి. మనుషులనూ సరుకునూ మోసే ఎంఐ-17లకే రాకెట్లు కట్టి పంపారు. మే 28న తోలోలింగ్ దగ్గర వాటిలో ఒకటి క్షిపణి దెబ్బకు కూలింది. నలుగురు వాయుసైనికులు అమరులయ్యారు. ‘మిలట్రీ ఇల్లు’ అంటే ఊరంతటికీ తెలిసే ప్రాంతం మాది. బొబ్బిలి జంక్షన్‌లో రేకు ట్రంకుతో రైలెక్కిన కొడుకు కోసం తల్లులు ఆ వేసవంతా టీవీల ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు సత్తువ తగ్గుతుంది. అక్కడ మోయగలిగే ప్రతి కిలోకూ లెక్కుంటుంది. 2006లో ఈ హెలికాప్టర్‌కు ప్రభుత్వం అనుమతి ఇచ్చాక మన ఇంజినీర్లు పట్టుబట్టింది ఈ లెక్క మీదే. ధ్రువ్ హెలికాప్టర్‌తో వచ్చిన అనుభవాన్ని పునాది చేసుకున్నారు. ఇద్దరు సిబ్బంది ఒకరి వెనక ఒకరు కూర్చునేలా ఒళ్ళు సన్నం చేశారు. ఫ్రాన్స్ సంస్థతో కలిసి తీర్చిదిద్దిన శక్తి ఇంజిన్లు రెండు అమర్చారు. సిబ్బంది తల తిప్పిన వైపే తిరిగే 20 మిల్లీమీటర్ల తుపాకీ, 70 మిల్లీమీటర్ల రాకెట్లు, గాలిలోని శత్రువును కొట్టే క్షిపణులు ఇచ్చారు. ఇన్నీ మోస్తూ గరిష్ఠ బరువు 5.8 టన్నులే. అయినా మొదటి నమూనా అనుకున్నదానికన్నా బరువెక్కింది. నిరాశపడలేదు. ఒక్కో భాగమే చూసుకుంటూ తర్వాతి నమూనాల్లో బరువు దించారు.

ఈ పని విలువ మా పక్కనున్న గొల్లపల్లి వీణల కార్ఖానాల్లో చూసినవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేసే సర్వసిద్ధి కుటుంబాల చేతులు చేసేది అదే: బరువు పోవాలి, బలం ఉండాలి. ఉలి ఒక్క వెంట్రుకవాసి లోతుకు దిగినా అన్నాళ్ళ శ్రమా వృథా. అందుకే, బెంగళూరు ఇంజినీర్లారా, మీకు మేం కొట్టే చప్పట్లు చేతిపని తెలిసిన ఊరి చప్పట్లు.

2015లో మీ బిడ్డ లేహ్ చలిలో వణక్కుండా మొరాయించకుండా లేచింది, జోధ్‌పూర్ ఎండకు తట్టుకుంది, సియాచిన్ మంచు మీద దిగింది. 2020లో సరిహద్దు వేడెక్కినప్పుడు పిలవగానే రెండు హెలికాప్టర్లు లద్దాఖ్‌కు వెళ్ళాయి. 2022 అక్టోబర్ 3న జోధ్‌పూర్‌లో వాయుసేన చేతికి అందినప్పుడు ప్రచండ్ అని పేరు పెట్టారు. సైన్యం కూడా అందుకుంది. ఇప్పుడు వచ్చే 156లో సైన్యానికి 90, వాయుసేనకు 66. ఐదు వేల మీటర్ల పైన కూడా పోరాడగల స్వదేశీ హెలికాప్టర్ ఇదే మొదటిది.

ఈ గెలుపులో తెలుగు నేల ఆశ కూడా ఉంది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ రూపొందించిన హెలినా క్షిపణి ఏడు కిలోమీటర్ల దూరం నుంచి యుద్ధ ట్యాంకును కొట్టగలదు. 2022 ఏప్రిల్‌లో ధ్రువ్ నుంచి వదిలి పరీక్షించారు. అది ప్రచండ్ రెక్క కింద కొలువుదీరే రోజు కోసం ఎదురుచూస్తున్నాం. కొత్త ఒప్పందం 250కి పైగా దేశీయ సంస్థలకు పని ఇస్తుందట. ఆ వరుసలో మా గ్రోత్ సెంటర్ షెడ్డు ఒకటి, మా ఐటీఐ కుర్రాళ్ళు నలుగురు చేరాలి. 1962లో మొదలై సైన్యానికి పిల్లల్ని పంపుతున్న కోరుకొండ సైనిక్ స్కూల్ నుంచి ప్రచండ్ నడిపే పైలట్లు రావాలి.

గీత గీసిన చేతులకు, బోల్టు బిగించిన చేతులకు, ప్రాణం పణంగా పెట్టి పరీక్షించిన పైలట్లకు విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు. ప్రచండ్, నీకు నిండు నూరేళ్ళు. కొండ మీద మా పిల్లలు ఒంటరిగా నిలబడే రోజు మళ్ళీ రాకూడదు. మా జంక్షన్‌లో రైలెక్కిన ప్రతి కొడుకూ మళ్ళీ మా జంక్షన్‌లోనే దిగాలి. ఆ రైలు కోసం కాచుకున్న తల్లులందరి దీవెన ఇది, అందుకో.