చమురు సామ్రాజ్యమును లెక్క అడిగిన వనిత: ఇడా టార్బెల్

కిరసనాయిలు దీపపు వెలుగులో చదువుకొన్న తరము మనలో ఇంకను కొంత మిగిలియున్నది. ఆ నూనె వ్యాపారముతో జాన్ డి. రాక్‌ఫెల్లర్ అమెరికాలో అపరకుబేరుడైన కథ అందరెరిగినదే. ఆ కుబేరుని చిట్టా ఆవర్జాలను పదిమంది కన్నుల యెదుట విప్పి చూపిన స్త్రీ కథ మాత్రము మనలో అంతగా ప్రచారము పొందలేదు. ఆమె న్యాయవాది కాదు, శాసనకర్త కాదు; పత్రికా రచయిత్రి.

ఇడా మినర్వా టార్బెల్ 1857 నవంబరు 5వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఈరీ ప్రాంతమున జన్మించెను. ఆమెకు రెండేండ్లు నిండకమునుపే, 1859 ఆగస్టులో, సమీపమున టైటస్‌విల్ వద్ద డ్రేక్ అనునతడు త్రవ్వించిన బావిలో చమురు పడెను. తండ్రి ఫ్రాంక్లిన్ టార్బెల్ కొయ్యపని తెలిసినవాడు. చమురు నిలువచేయు కొయ్యతొట్లు చేసి అమ్మి నాలుగు రాళ్లు సంపాదించెను. పిదప తానును చమురు తీయు వ్యాపారమున దిగి, కుటుంబమును టైటస్‌విల్‌కు చేర్చెను.

ఇడాకు పదునాలుగేండ్లప్పుడు, 1872లో, ఆ ప్రాంతమంతయు అట్టుడికినట్లు ఉడికిపోయెను. రైలు కంపెనీలు హఠాత్తుగ కిరాయి పెంచెను. విచారింపగా రహస్యము బయటపడెను. సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ అను పేరుతో రాక్‌ఫెల్లరును మరికొందరు శుద్ధి కర్మాగారాధిపతులును రైలు కంపెనీలతో ఒక ఒడంబడిక కుదుర్చుకొనిరి. తమ సరకుపై తమకు కిరాయి తగ్గింపు లభించును. అంతవరకు వ్యాపారమున వినని మాట కాదు. కాని పోటీదారులు చెల్లించిన కిరాయిలో కూడ కొంత తమకే ముట్టవలెనట! అనగా ఎదుటివాడు ఎంత ఎక్కువ సరకు పంపినచో, వాని శత్రువునకు అంత ఎక్కువ ఆదాయము. ఇంతకంటె చక్కని ఉరిత్రాడు ఎవరు పేనగలరు?

చమురు తీయువారు ఏకమై ఆ కూటమికి చమురు అమ్మము పొమ్మనిరి. ప్రభుత్వము ఆ కంపెనీ పత్రమును రద్దు చేసెను. అయినను ఆ కొద్ది వారములలోనే క్లీవ్‌లాండులోని 26 శుద్ధి కర్మాగారములలో 22 రాక్‌ఫెల్లర్ వశమాయెను. ఆ తరువాతి యేండ్లలో ఫ్రాంక్లిన్ టార్బెల్ వ్యాపార భాగస్వామి తుపాకితో కాల్చుకొని మరణించెను. అప్పులు తండ్రి నెత్తిన పడెను. ఇల్లు తాకట్టుకు పోయెను.

ఇడా 1880లో అలెఘనీ కళాశాల నుండి పట్టభద్రురాలయ్యెను. ఆ తరగతిలో స్త్రీ ఆమె యొక్కతెయే. కొంతకాలము ఉపాధ్యాయినిగ, కొంతకాలము సహాయ సంపాదకురాలిగ పనిచేసి, 1891లో పారిస్ నగరమునకు పోయి ఫ్రెంచి విప్లవ కాలపు మదామ్ రోలాఁ చరిత్రకై గ్రంథాలయములలో పాత కాగితములు తిరుగవేసెను. కాగితము అబద్ధమాడినను దాని ప్రక్క మరొక కాగితము పెట్టి నిజము రాబట్టు విద్య ఆమెకు అక్కడనే అబ్బెను. మెక్‌క్లూర్ పత్రికకై నెపోలియన్, లింకన్ జీవితములు వ్రాసి పేరు గడించెను.

ఆ పత్రికలోనే 1902 నవంబరు నుండి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ చరిత్ర వెలువడసాగెను. పందొమ్మిది భాగములు నడచి, 1904లో రెండు సంపుటముల గ్రంథమాయెను. తండ్రి వలదని వారించెను. వారు పత్రికను నాశనము చేయుదురని ఆయన భయము. ఆమె వినలేదు. కోర్టు సాక్ష్యములు, శాసనసభల విచారణ పత్రములు, పాత వార్తాపత్రికలు పోగుచేసెను. సహాయకుడు జాన్ సిడ్డాల్ క్లీవ్‌లాండులో ఆరాలు తీసెను.

ఇచ్చట ఒక విచిత్రము. కంపెనీలోని అగ్రగణ్యులలో నొకడగు హెన్రీ రోజర్స్ ఆమెతో స్వయముగ మాటలాడుటకు సమ్మతించెను. రాయబారము నడపినవాడు ఆయన మిత్రుడైన హాస్య రచయిత మార్క్ ట్వేన్. సుమారు రెండేండ్లు ఆమె న్యూయార్కులోని కంపెనీ కార్యాలయమునకు పోయివచ్చుచుండెను. వచ్చు ద్వారము వేరు, పోవు ద్వారము వేరు. మరియొక సందర్శకుడు కంటబడకుండ ఏర్పాటు. రోజర్స్ మర్యాదస్థుడు, చతురుడు. ఆమెకు ఆయనపై గౌరవము కలిగినమాట నిజము.

ఆ స్నేహమును తెంచినది ఒక కుఱ్ఱవాడు. కంపెనీ కార్యాలయమొకదానిలో పాత కాగితములు తగులబెట్టుట వాని పని. ఒకనాడు ఆ కాగితములలో తనకు ఆదివారపు బడిలో పాఠము చెప్పు పెద్దమనిషి పేరు కనబడెను. ఆయన స్వతంత్ర చమురు వ్యాపారి. ఆయన ఎవరికి ఎంత సరకు పంపుచున్నాడో రైలు ఉద్యోగులు ఎప్పటికప్పుడు స్టాండర్డ్ కంపెనీకి వర్తమానమందించుచున్నారు. ఆ సరకును ఎట్లడ్డవలెనో కంపెనీ ప్రతినిధులకు ఆదేశములు పోవుచున్నవి. కుఱ్ఱవాడు కాగితములను దాచి గురువుగారి చేతికిచ్చెను. అవి ఇడాను చేరెను. అచ్చులో వాటిని చూచి రోజర్స్ మండిపడెను. ఎక్కడివని అడిగిన ఆమె చెప్పలేదు. ఆ సమావేశములు అంతటితో సరి.

ఆమె నిష్పక్షపాతురాలా? సోదరుడు విలియం స్టాండర్డునకు పోటీయైన ప్యూర్ ఆయిల్ కంపెనీలో ముఖ్యుడు. 1905లో రాక్‌ఫెల్లరుపై వ్రాసిన వ్యక్తిచిత్రణలో ఆయన ముఖకవళికలను సైతము తూలనాడినది. అది ఆమె స్థాయికి తగిన వ్రాత కాదని నా తలంపు. కాని చరిత్ర గ్రంథము మాట వేరు. రాక్‌ఫెల్లర్ బుద్ధిసూక్ష్మతను, పొదుపును ఆమె అందులో మనసార మెచ్చుకొనెను. కంపెనీ పెద్దదగుట ఆమెకు నేరము కాదు. పెరిగిన మార్గమే నేరము.

1906లో అమెరికా ప్రభుత్వము 1890 నాటి షెర్మన్ చట్టము క్రింద దావా వేసెను. 1911 మే 15న సుప్రీంకోర్టు ఆ కంపెనీని 34 ముక్కలు చేయుమని తీర్పిచ్చెను. అయితే వ్యాపారమును నిరోధించు ప్రతి ఒప్పందము గాక, అసమంజసమైన నిరోధమే చట్టవిరుద్ధమని ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ వైట్ సూత్రీకరించెను. ఏది సమంజసము? నేటి వివాదమంతయు ఆ ఒక్క మాటలోనే మొలకెత్తినది.

రాక్‌ఫెల్లర్ కాలమున కిరసనాయిలు ధర తగ్గినదే కాని పెరుగలేదని ఆయన పక్షమువారి వాదము. పోటీదారులను చంపుటకై ధర కోసినారను ఆరోపణకు సాక్ష్యము బలహీనమని 1958లో జాన్ మెక్‌గీ అను ఆర్థికవేత్త వ్రాసెను. వినియోగదారుని క్షేమమే చట్టమునకు గీటురాయి కావలెనని 1978లో రాబర్ట్ బోర్క్ వాదించెను. న్యాయస్థానములు చాలవరకు ఆయన వెంట నడిచినవి. 2017లో లీనా ఖాన్ అమెజాన్ కంపెనీని ఉదాహరించి, చౌకధర ఒక్కటే చూచిన అధికారము కనబడదని ఎదురు నిలిచెను. 2021 నుండి 2025 వరకు ఆమె సమాఖ్య వాణిజ్య సంఘమునకు అధ్యక్షురాలుగ ఉండెను. 2024 ఆగస్టులో గూగుల్ వెదకులాట వ్యాపారమున అక్రమ గుత్తాధిపత్యము నిలుపుకొన్నదని వాషింగ్టను కోర్టు నిర్ణయించెను. ఫోనులలో తానే ముందుండుటకై ఆ కంపెనీ 2021లో ఇతరులకు చెల్లించినది 2,600 కోట్ల డాలర్లకు పైమాటే. సరకు మారినది, దారిని చేజిక్కించుకొను ఎత్తు మాత్రము రైలు కిరాయిల నాటిదే. అయినను 2025 సెప్టెంబరులో ఆ కోర్టే క్రోమ్‌ను అమ్మించుటకు అంగీకరింపలేదు. మన దేశమున 1969 నాటి గుత్తాధిపత్య చట్టము స్థానమున 2002లో పోటీ చట్టము వచ్చెను. దాని క్రింద 2022లో గూగుల్‌పై 1,337 కోట్ల రూపాయలకు పైగా జరిమానా పడెను.

ఇడా తరువాతి జీవితము ఆమె అభిమానులకే చిక్కుప్రశ్న. స్త్రీలకు ఓటుహక్కు అక్కరలేదని ఆమె వాదించెను. 1925లో ఉక్కు ట్రస్టు అధిపతి గేరీ జీవితమును మెచ్చుకోలుగ వ్రాసి పాత మిత్రులను నివ్వెరపరచెను. వివాహము చేసికొనలేదు. 1939లో ఆత్మకథ ప్రచురించెను.

తీర్పుతో రాక్‌ఫెల్లర్ బీదవాడు కాలేదు. ముక్కలైన కంపెనీల వాటాల ధర పెరిగి మరింత ధనవంతుడై 1937 వరకు జీవించెను. ఆ ముక్కలలో రెండింటి వారసులు, ఎక్సాన్, మోబిల్, 1999లో మరల ఒకటైనవి. ఇడా టార్బెల్ 1944 జనవరి 6న కనెక్టికట్ రాష్ట్రమున మరణించెను. ఆమెను డ్రేక్ బావికి దాపుననే, టైటస్‌విల్‌లో ఖననము చేసిరి.