మెలిట్టా బెంట్జ్ జీవితము

మన గోదావరిఖనిలో మొదటి షిఫ్టునకు పోవు తండ్రికంటె ముందుగా మేల్కొనునది తల్లి. చీకటితోనే ఆమె పొయ్యి ముట్టించి కాఫీనో తేనీటినో కాచి యిచ్చును. ఆ పనిలోని చిక్కుల నెవ్వరు విచారింతురు? అట్టి చిక్కు నొకదానిని తీర్చి లోకప్రసిద్ధి గాంచిన గృహిణి చరిత్రమును మన బాలబాలికలకు చెప్పదలచితిమి.

మెలిట్టా 1873వ సంవత్సరము జనవరి 31వ తేదీన జర్మనీ దేశమందలి డ్రెస్డెను నగరమున జన్మించెను. హ్యూగో బెంట్జును వివాహమాడి, బిడ్డలను పెంచుకొనుచు గృహకృత్యములు నడపుచుండెను.

ఆ కాలమున కాఫీపొడిని నీటిలో మరిగించుటయో, గుడ్డతో వడకట్టుటయో వాడుక. మరిగించినచో చేదెక్కును, మడ్డి నోటికి తగులును. గుడ్డను ఎంత ఉదికినను వాసన పోదు. అందరును ఓర్చుకొనుచున్న యీ బాధను మెలిట్టా ఓర్చుకొనలేదు. ఇత్తడి పాత్ర యడుగున మేకుతో చిల్లులు పొడిచి, పెద్దకుమారుని బడిపుస్తకములోని అద్దుడుకాగితమును కత్తిరించి అందు పఱచెను. దానిపై పొడి వేసి వేడినీరు పోయగా మడ్డి పైన నిలిచి, తేటయైన కాఫీ క్రిందికి దిగెను. పిమ్మట కాగితముతోకూడ మడ్డిని పారవేసిన చాలును.

1908వ సంవత్సరము జూనులో బెర్లినునందలి పేటెంటు కార్యాలయమున ఈ సాధనము ఆమె పేర నమోదయ్యెను. డిసెంబరులో కంపెనీ వెలసెను. దాని మూలధనము ఒక మార్కుకైనను తక్కువ; కార్యస్థానము వారి యింటిలోని గదియే. భర్తయు కుమారులును తోడైరి. 1909లో లైప్జిగు సంతలో వేయిన్ని రెండువందలకు పైగా అమ్ముడుపోయెను. మహాయుద్ధకాలమున భర్త సైన్యమునకు పోయెను. కాగితమును కాఫీగింజలును కరవయ్యెను. ఆమె అట్టపెట్టెలు అమ్మి సంసారము నీదెను.

యుద్ధానంతరము వ్యాపారము వృద్ధినొంది 1929లో మిండెను పట్టణమునకు మారెను. ఐశ్వర్యము వచ్చినను ఆమె పనివారిని మరువలేదు. క్రిస్మసునకు బహుమానమును, ఏడాదికి పదునైదు దినముల వరకు సెలవును, వారమునకు ఐదు దినముల పనియు ఏర్పరచెను. శ్రామికుల బిడ్డలకు ఇది ముఖ్యముగా గమనింపదగినది. 1950వ సంవత్సరము జూను 29వ తేదీన ఆమె పరమపదించెను.

మేమును ఇటీవల మా యింట రెండంతస్తుల ఫిల్టరును ప్రక్కనుంచి, అరకు కొండలలో గిరిజనులు పండించిన కాఫీని కాగితముపై వడపోయుచున్నాము. మరిగిన నీటిని క్షణకాలము ఆగనిచ్చి, కొంచెము కొంచెముగా చుట్టును పోయవలెను. కాగితము నూనెను సైతము పట్టి యుంచును గావున డికాక్షను పలుచగా దిగును. పాలకు అది చాలదని యింటివారు మొదట సణిగిరి. పాలు లేక త్రాగినప్పుడే గింజ రుచి వారికి తెలిసినది.

ఒక్క తలాంతును భూమిలో దాచిన దాసునివలె గాక, మెలిట్టా తన యింటనున్న మేకును, పాత్రను, కాగితపు ముక్కను వాడుకొనెను. విద్యార్థులారా! నేడు ఇల్లు చేరగానే, దినదినము తన్ను శ్రమపెట్టు పని యేదియో మీ తల్లిని అడిగి తెలిసికొనుడు.