‘స్టాకర్’ను పుట్టించిన జపనీస్ అనువాదకుడు

రెండు రాగి రంగు బిళ్లలు. ఒక్కోటీ టీ సాసరంత. వాటి మధ్య దాదాపు మూరెడు ఎడం. ఆ ఎడంలో ఏమీ లేదు, చెయ్యి దూర్చొచ్చు. అయినా ఆ రెండింటినీ దగ్గరకు నొక్కలేరు, దూరంగా లాగలేరు. వీటి పేరు ‘ఖాళీలు’. మన పేజీలో ఖాళీలంటే ఉద్యోగాలు కదా! ఇవి వేరే రకం. గ్రహాంతరవాసులు భూమ్మీద వదిలేసి పోయిన సామాను. ఎందుకు పనికొస్తాయో ఎవరికీ తెలీదు. కానీ రేటు మాత్రం ఉంది. కొనేవాళ్లు ఉన్నారు. ప్రాణాలకు తెగించి తెచ్చి అమ్మేవాళ్లూ ఉన్నారు.

ఈ చిత్రమైన బజారును ఊహించింది ఇద్దరు రష్యన్ అన్నదమ్ములు: అర్కాదీ స్త్రుగాత్‌స్కీ, బోరిస్ స్త్రుగాత్‌స్కీ. నవల పేరు ‘రోడ్డుపక్క పిక్నిక్’. 1972లో ‘అవ్‌రోరా’ అనే లెనిన్‌గ్రాద్ పత్రికలో అచ్చయింది. ప్రపంచ సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద నవలల జాబితా ఎవరు వేసినా దీన్ని వదిలేయడం కష్టం. తమ్ముడు ఖగోళశాస్త్రం చదివి పుల్కోవో అబ్జర్వేటరీలో పనిచేశాడు. అన్న అర్కాదీకి సైన్స్ డిగ్రీ లేదు. ఆయన చదివింది జపనీస్. ఆ చదువు కూడా ఆయన కోరుకుంటే వచ్చింది కాదు.

అర్కాదీ 1925 ఆగస్టు 28న నల్లసముద్రం ఒడ్డున బతూమీలో పుట్టాడు. ఇప్పుడది జార్జియాలో ఉంది. పెరిగిందంతా లెనిన్‌గ్రాద్‌లో. తండ్రి నతాన్ కళల చరిత్ర తెలిసినవాడు, పెద్ద లైబ్రరీలో ఉద్యోగి. తల్లి టీచర్. తమ్ముడు ఎనిమిదేళ్లు చిన్న. ఇంటర్ వయసు రాకముందే యుద్ధం వచ్చింది. 1941 సెప్టెంబరులో జర్మన్ సేనలు లెనిన్‌గ్రాద్‌ను చుట్టుముట్టాయి. పదహారేళ్ల కుర్రాడు కందకాలు తవ్వాడు, ఆ తర్వాత గ్రెనేడ్లు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేశాడు. ఆ చలికాలం నగరంలో జనం ఆకలితో లక్షల్లో చనిపోయారు.

1942 మొదట్లో లైబ్రరీ సిబ్బందిని నగరం దాటించే అవకాశం వచ్చింది. చిన్నవాడు బోరిస్ ప్రయాణం తట్టుకునే స్థితిలో లేడు. దాంతో కుటుంబాన్ని రెండుగా చీల్చుకున్నారు. తల్లి చిన్నకొడుకుతో ఉండిపోయింది. తండ్రి పెద్దకొడుకును తీసుకుని గడ్డకట్టిన లడోగా సరస్సు మీదుగా బయటపడ్డాడు. వోలొగ్దా చేరేసరికి తండ్రి ప్రాణం పోయింది. అర్కాదీ బతికాడు.

ఒంటరిగా మిగిలిన ఆ కుర్రాడు ఒరెన్‌బర్గ్ ప్రాంతంలోని తాష్లా అనే ఊరికి చేరాడు. అక్కడ దొరికిన పని, పాల సేకరణ కేంద్రంలో. మన పల్లెల్లో పొద్దున్నే పాలు కొలిపించుకునే సెంటర్లు ఉంటాయే, అలాంటిదే. తర్వాత తల్లినీ తమ్ముణ్నీ అక్కడికే రప్పించుకున్నాడు. ఇల్లు మళ్లీ ఒక్కటయిందనుకునే లోపు, 1943లో సైన్యం పిలిచింది.

శతఘ్ని దళాల శిక్షణ పాఠశాలలో వేశారు. శిక్షణ ముగిసే సమయానికి సైనిక విదేశీ భాషల సంస్థకు మనుషులు కావాల్సి వచ్చింది. అర్కాదీని ఎంపికచేసి మాస్కో పంపారు. తోటివాళ్లు యుద్ధరంగానికి వెళ్లారు. ఆయన చేతిలో మాత్రం జపనీస్ వాచకం పెట్టారు. ఇవాళ మనవాళ్లు ఎన్5, ఎన్4 అంటూ లెవెల్స్ లెక్కపెట్టుకుంటూ ఫీజు కట్టి మరీ నేర్చుకునే భాష ఆయనకు సైనిక ఉత్తర్వుగా వచ్చిందన్నమాట. చదువు మధ్యలోనే జపాన్ యుద్ధఖైదీల విచారణలకు దుబాసీగా కూర్చోబెట్టారు. 1949లో జపనీస్, ఇంగ్లిష్ అనువాదకుడిగా పట్టా ఇచ్చారు. సైబీరియాలోని కాన్స్‌క్‌లో కొన్నాళ్లు పాఠాలు చెప్పాడు. అక్కడి నుంచి కమ్చాత్కా. మాస్కోకు ఎంత దూరమంటే, దేశానికి అటు చివర. 1955లో యూనిఫాం వదిలేశాడు. అప్పటికి వయసు ముప్పై. సంసారం ఉంది, చేతిలో రెండు భాషలున్నాయి. అంతే.

మాస్కోలో ప్రచురణ సంస్థల్లో ఉద్యోగం పట్టాడు. మొదట సాహిత్యం అచ్చేసే ప్రభుత్వ సంస్థ, తర్వాత పిల్లల పుస్తకాల సంస్థలో ఎడిటర్. ఆయన తొలి రచన కూడా ఉద్యోగం ఇచ్చిన జ్ఞానంలోంచే వచ్చింది. 1954లో అమెరికా పసిఫిక్‌లో హైడ్రోజన్ బాంబు పేల్చినప్పుడు ఒక జపాన్ చేపల పడవ మీద విషధూళి కురిసింది. ఆ జాలర్ల కథను మిత్రుడు పెత్రోవ్‌తో కలిసి ‘బికినీ బూడిద’గా రాశాడు.

అన్నదమ్ముల జోడీ పుట్టింది మాత్రం పందెంలో. ఒకరోజు ఇద్దరూ నడుస్తూ ఆ కాలపు సైన్స్ ఫిక్షన్‌ను చీల్చిచెండాడుతున్నారు. పక్కనే ఉన్న అర్కాదీ భార్య యెలేనా, తిట్టడం సులువే, మీరు రాసి చూపించండని పందెం కాసింది. 1959లో ‘ఎర్రమబ్బుల దేశం’ పుస్తకంగా వచ్చింది. శుక్రగ్రహానికి వెళ్లేవాళ్ల కథ. ఇప్పుడు చదివితే అంత గొప్పగా అనిపించదు, నిజం చెప్పుకోవాలి. కానీ ఆ తర్వాత అయిదారేళ్లలో ‘దేవుడిగా ఉండటం కష్టం’, ‘సోమవారం శనివారం మొదలవుతుంది’ వచ్చాయి. ఆ ఎదుగుదల చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

వాళ్లు రాసే పద్ధతి విచిత్రం. అన్న మాస్కోలో, తమ్ముడు లెనిన్‌గ్రాద్‌లో. రెండు నగరాల మధ్య స్టేషన్‌లో దిగి, టీ తాగుతూ రాసేవాళ్లని ఒక కథ ప్రచారంలో ఉండేది. అది ఉత్తదే. నిజానికి ఎవరో ఒకరి ఊళ్లోనో, రచయితల విశ్రాంతి గృహంలోనో కలిసేవారు. ఒకరు టైపు మిషన్ ముందు, మరొకరు పక్కన. ఒక్కో వాక్యం పైకి చెప్పడం, ఇంకొకరు కాదనడం, ఇద్దరూ ఒప్పుకుంటేనే కాగితం మీదకు. గ్రూప్ ప్రాజెక్టులో నలుగురి పేర్లు వేసి ఒక్కడే పని చేసే పద్ధతి కాదు అది.

‘రోడ్డుపక్క పిక్నిక్’ ఆలోచన 1970లో పుట్టింది. 1971 జనవరిలో మొదలుపెట్టి నవంబరులో ముగించారు. కథ జరిగేది హార్మంట్ అనే ఊళ్లో. గ్రహాంతరవాసులు వచ్చారు, వెళ్లిపోయారు. ఎవరూ చూడలేదు, మనతో ఒక్క మాటా లేదు. కారులో వచ్చినవాళ్లు రోడ్డు పక్కన ఆగి, తిని, చెత్త వదిలేసి పోతే అక్కడి చీమలకు, పిట్టలకు ఏం అర్థమవుతుంది? మన పరిస్థితీ అదే అంటాడు నవలలోని ఓ శాస్త్రవేత్త. వాళ్లు ఆగిన చోటు ‘జోన్’. చుట్టూ కాపలా. లోపల అడుగు తప్పితే చావే. బరువు ఉన్నట్టుండి వందలరెట్లయి మనిషిని నలిపేసే చోట్లుంటాయి. ఎముకల్ని కరిగించేసే ద్రవం ఉంటుంది. అయినా రాత్రిళ్లు కంచె దాటి వెళ్లి సామాను తెచ్చి అమ్మేవాళ్లున్నారు. వాళ్లే స్టాకర్లు.

ఆడపిల్లల వెంటపడేవాడు అనుకునేరు. ఇక్కడ ఆ అర్థం కాదు. మొదట అన్నదమ్ములు వాళ్లకు వేరే పేర్లు పెట్టుకున్నారు. తర్వాత పాత ఇష్టం గుర్తొచ్చింది. అర్కాదీ విద్యార్థిగా ఉన్నప్పుడు తమ్ముడు పాతసామాన్ల సంతలో కొన్న ఇంగ్లిష్ పుస్తకం ఒకటి ఇచ్చాడు. మన బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ రాసిన ‘స్టాకీ అండ్ కో’. హాస్టల్ కుర్రాళ్ల అల్లరి కథలు. అర్కాదీ దాన్ని తమ్ముడి కోసం రష్యన్‌లోకి మార్చి రాసిచ్చాడు. ఆ స్టాకీ పేరే కాస్త మారి ‘స్టాకర్’ అయింది. రష్యన్లు ‘స్టాల్కర్’ అని పలుకుతారు. సంతలో కొన్న పాత పుస్తకం, అందులోంచి తీసిన పేరు. జోన్‌లో సరుకు ఏరేవాళ్లకు ఇంతకన్నా తగిన పేరు దొరకదేమో!

నవలలో హీరో రెడ్రిక్ షుహార్ట్. వయసు ఇరవైమూడు, అంటే మీ ఈడే. గ్రహాంతర సంస్కృతుల అంతర్జాతీయ సంస్థలో ల్యాబ్ అసిస్టెంటు. పగలు చట్టబద్ధంగా జీతానికి జోన్‌లోకి వెళ్తాడు, రాత్రిళ్లు సొంతానికి వెళ్తాడు. జాగ్రత్త ఎలాగంటే, ముందు ఒక నట్టు విసురుతాడు. అది మామూలుగా పడితే అడుగు వేస్తాడు. వేగంగా కిందికి గుంజుకుపోతే ఆ దారి వదిలేస్తాడు. తెచ్చే సరుకు రకరకాలు. కారును నడిపించే, ఎప్పటికీ అయిపోని చిన్న బ్యాటరీలున్నాయి. ఒంటికి ఓపికనిచ్చే కంకణాలున్నాయి. నగల్లో పొదుగుకునే నల్లపూసల్లాంటివీ ఉన్నాయి. ఏదెలా పనిచేస్తుందో ఏ ప్రొఫెసర్‌కూ తెలీదు. సరుకు అర్థం కావడానికీ, దానికి రేటు పలకడానికీ సంబంధం లేదన్నది నవల అడుగడుగునా చూపిస్తుంది. సంస్థ పరిశోధనకు కొంటుంది. దళారులు ఎక్కువ డబ్బుకు కొంటారు, ఎందుకని అడగరు. అమ్మేవాడూ అడగడు.

రెడ్ ఒక్కసారి మంచి మనసుతో పనిచేస్తాడు. దిగులుగా ఉన్న శాస్త్రవేత్త మిత్రుడు కిరిల్‌కు అరుదైన ‘నిండు ఖాళీ’ చూపించాలని పగలే, అనుమతితోనే జోన్‌కు తీసుకెళ్తాడు. అక్కడ కిరిల్ వీపుకు వెండి సాలెగూడు లాంటిదేదో తగులుతుంది. రెడ్ చూస్తాడు, అప్పటికి ఏమీ కాలేదు కదా అని ఊరుకుంటాడు. ఆ రాత్రే కిరిల్ గుండె ఆగిపోతుంది. తర్వాత పెళ్లి. జోన్‌లో తిరిగినవాళ్ల పిల్లలు అందరి పిల్లల్లా పుట్టరు, రెడ్ కూతురూ అంతే. ఖర్చులు పెరుగుతాయి. ఎముకలు కరిగించే ఆ ద్రవాన్ని తెమ్మని బేరం వస్తుంది. దానితో ఏం చేస్తారో ఊహించగలడు. తెచ్చి కూడా ఇవ్వడానికి మనసొప్పక దాచేస్తాడు. పోలీసులు పట్టుకునే ముందు మాత్రం ఫోన్ చేసి దాచిన చోటు చెప్పేస్తాడు, తను జైల్లో ఉన్నన్నాళ్లూ భార్యాబిడ్డలకు డబ్బు అందాలన్న షరతు మీద. అతన్ని తప్పుపట్టడం నాకు చేతకాలేదు. కానీ ఆ సరుకు వల్ల తర్వాత ఒక ల్యాబ్‌లో మనుషులు చచ్చిపోతారు. దాన్నీ నవల దాచదు.

మరి రాసినవాళ్ల సంగతి? పత్రికలో వచ్చేసింది కదా, పుస్తకం ఎంతలో అనుకున్నారు. ‘మొలొదాయ గ్వార్దియా’, అంటే యువకుల కోసం పుస్తకాలేసే సంస్థ, ఎనిమిదేళ్లు తిప్పింది. పాత్రల నడవడి మీద అభ్యంతరాలు, హింస మీద అభ్యంతరాలు, అన్నిటికన్నా ఎక్కువగా భాష మీద. మోటు మాటలు, యాస అంటూ చూపినవే 251. దొంగసరుకు అమ్మేవాడు పాఠ్యపుస్తకంలా మాట్లాడాలన్నమాట! అన్నదమ్ములు ఉత్తరాలు రాశారు, పై ఆఫీసులకు ఫిర్యాదులు పెట్టారు, కొన్ని మార్చారు, కొన్నిటికి ససేమిరా అన్నారు. చివరికి 1980లో పుస్తకం వచ్చింది, చాలా దెబ్బలు తిని. అప్పటికే 1977లో అమెరికాలో ఇంగ్లిష్ అనువాదం వచ్చేసింది.

దీనికి తోడు ‘వికారపు హంసలు’ అనే మరో నవల సొంత దేశంలో అచ్చుకాకుండానే 1972లో పశ్చిమ జర్మనీలో, వాళ్ల అనుమతి లేకుండా వెలువడింది. దాంతో ఇక్కడి తలుపులు ఇంకా బిగుసుకున్నాయి. డెబ్భైల్లో చాలాకాలం కొత్త పుస్తకాలు బయటికి రావడమే గగనమైపోయింది. అలాంటి రోజుల్లో అర్కాదీకి అండ, సైన్యం బలవంతాన నేర్పిన ఆ జపనీస్. అకుతగవ కథలు, అబే కోబో నవల ‘నాలుగో మంచుయుగాంతరం’, మధ్యయుగాల యోషిత్సునే వీరగాథ ఆయన చేతిమీదుగా రష్యన్‌లోకి వెళ్లాయి. ఇంగ్లిష్ నుంచి విండమ్ ‘ట్రిఫిడ్ల రోజు’ కూడా. కొన్నింటి మీద ఆయన పేరుండదు, ‘ఎస్. బెరెష్కోవ్’ అనే మారుపేరుంటుంది. ఆ అనువాదాలను ఆయన ఖాళీగా ఉన్నప్పుడు చేసిన పని అనుకోవడం తప్పు. వాటిని రష్యన్ పాఠకులు ఇప్పటికీ చదువుతున్నారు.

ఇక సినిమా. దర్శకుడు తార్కోవ్‌స్కీ అడిగితే అన్నదమ్ములు స్క్రిప్టు రాశారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఎస్టోనియాలో టాలిన్ దగ్గర షూటింగ్. తీసిన ఫిల్మ్ చాలావరకు ల్యాబ్ కడుగుళ్లలో పాడైపోయింది. దాదాపు మొదటి నుంచీ తీయాల్సి వచ్చింది. ఆ సందర్భంలోనే స్టాకర్ పాత్ర పూర్తిగా మారింది. నవలలోని మొరటు స్మగ్లర్ పోయి, జోన్‌ను గుడిలా నమ్మే ఒక అమాయకుడు వచ్చాడు. 1979 నాటి ‘స్టాకర్’లో బజారు లేదు, బేరాలు లేవు, ఖాళీలు లేవు. సినిమా గొప్పదే. కానీ బతుకుతెరువు కోసం కంచె దాటే మనిషి కావాలంటే నవలే చదవాలి.

1986లో చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. మనుషుల్ని ఖాళీ చేయించి, కంచె వేసి, ఆ ప్రాంతాన్ని కూడా జోన్ అనే పిలిచారు. అందులోకి దారి చూపించేవాళ్లకు స్టాకర్లని పేరొచ్చింది. అర్కాదీ అది చూశాడు. అప్పటికే గుండె, ఆరోగ్యం బాగాలేవు. 1991 అక్టోబరు 12న మాస్కోలో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం సమాధి కట్టలేదు. చితాభస్మాన్ని హెలికాప్టర్ నుంచి మాస్కో శివార్ల మీద చల్లారు. అదే డిసెంబరులో సోవియట్ యూనియన్ కూడా లేకుండా పోయింది. బోరిస్ ఆ తర్వాత ఒంటరిగా రెండు నవలలు రాశాడు, కానీ ఇంటిపేరు వాడలేదు. వేరే పేరు పెట్టుకున్నాడు. 2012లో ఆయనా వెళ్లిపోయాడు. ‘పిక్నిక్’కు కొత్త ఇంగ్లిష్ అనువాదం వచ్చింది ఆ ఏడాదే.

మీలో గేమ్స్ ఆడేవాళ్లకు ఈ కథంతా ఎక్కడో చూసినట్టు అనిపిస్తుండాలి. కీవ్‌లోని ఒక కంపెనీ 2007లో ‘స్టాకర్: షాడో ఆఫ్ చెర్నోబిల్’ విడుదల చేసింది. 2024లో రెండో భాగం వచ్చింది. అందులో జోన్‌లో తిరుగుతూ వింత వస్తువులు ఏరి, వ్యాపారికి అమ్మి, ఆ డబ్బుతో తూటాలు, తిండి కొనుక్కోవాలి. దారి అనుమానంగా ఉంటే ముందు ఒక బోల్టు విసరాలి. అది రెడ్రిక్ షుహార్ట్ నుంచి వచ్చిన అలవాటే.